పెద్దపేగు గోడ దేన్ని కాలుస్తుంది?

అందరికీ నమస్కారం. పేగుల్లోని సూక్ష్మజీవుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ విషయం అనగానే చాలామంది ఒక పేర్ల పట్టిక కోసం ఎదురుచూస్తారు. ఫలానా బ్యాక్టీరియా మంచిది, ఫలానాది చెడ్డది, దీన్ని పెంచుకోండి, దాన్ని తగ్గించుకోండి అని చెబుతారనుకుంటారు. ఆ పట్టిక నా దగ్గర లేదు. ఉన్నా ఈ రోజు చదవను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పేగులో ఏ సూక్ష్మజీవులు నిలబడతాయన్నది చాలావరకు పేగు గోడలోని కణం ఏ ఇంధనాన్ని కాలుస్తోంది, ఎంత ఆక్సిజన్ వాడుకుంటోంది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఆ కణం ఏ ఇంధనాన్ని కాలుస్తుందన్నది మళ్లీ ఆ సూక్ష్మజీవులు దానికి ఏం అందిస్తున్నాయన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే మిగతా ప్రసంగమంతా దీని వివరణే: గోడ తినేది సూక్ష్మజీవులు ఇస్తాయి, సూక్ష్మజీవులకు కావలసిన చోటును గోడ కాపాడుతుంది.

ముందుగా ఒక లెక్క సరిచేసుకుందాం. మన శరీరంలో మన కణాలకన్నా బ్యాక్టీరియా పదిరెట్లు ఎక్కువని మీలో చాలామంది వినే ఉంటారు. ఆ మాట దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాల్లో తిరిగింది. 2016లో రాన్ సెండర్, షాయ్ ఫుక్స్, రాన్ మిలో దాన్ని మొదటినుంచి మళ్లీ లెక్కగట్టారు. 70 కిలోల మనిషిలో మానవ కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు అని తేల్చారు. అంటే దాదాపు సమానం. మొత్తం బ్యాక్టీరియా బరువు సుమారు 200 గ్రాములు. కిలోలకొద్దీ ఉంటాయన్న మాట కూడా నిలవదు. అయితే ఈ 38 లక్షల కోట్లలో అత్యధిక భాగం ఒక్క పెద్దపేగులోనే ఉంటుంది. అక్కడి పదార్థం ఒక గ్రాము తీసుకుంటే అందులో పదివేల కోట్ల వరకు బ్యాక్టీరియా ఉంటాయి. అందుకే ఈ రోజు నా మాటలు ఎక్కువగా పెద్దపేగు చుట్టూనే తిరుగుతాయి. చిన్నపేగు కణాలు గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఎక్కువగా కాలుస్తాయి. దాని కథ వేరు, దాన్ని ఇక్కడ పక్కన పెడుతున్నాను.

ఇప్పుడు ఆ గోడను దగ్గరగా చూద్దాం. ఇన్ని కోట్ల బ్యాక్టీరియాకూ మన రక్తానికీ మధ్య ఉన్న కణాల గోడ మందం ఎంత అనుకుంటున్నారు? ఒక్క వరుస. అవును, ఒకే ఒక్క వరుస కణాలు. ఆ వరుస నున్నగా పరిచినట్టు ఉండదు; మధ్యమధ్య లోతైన సన్నని గుంటలుగా దిగి ఉంటుంది. ఆ గుంటల అడుగున మూలకణాలు ఉంటాయి. అక్కడ పుట్టిన కణాలు గుంట గోడ వెంట మెల్లగా పైకి జరుగుతూ, జరుగుతూనే ముదిరి, పైకి చేరిన కొద్దికాలానికి రాలిపోతాయి. ఈ ప్రయాణమంతా నాలుగైదు రోజుల్లో ముగుస్తుంది. అంటే పోయిన వారం మీ పేగు లోపలి వరుసలో ఉన్న కణాల్లో దాదాపు ఏవీ ఈ రోజు లేవు. ఇంత వేగంగా పునర్నిర్మాణం జరిగే చోట ఇంధనం ఎంత అవసరమో మీరే ఊహించండి.

ఆ కణాల మీద జిగురు పొర ఉంటుంది. పెద్దపేగులో అది రెండు భాగాలు. పైభాగం వదులుగా ఉంటుంది, అందులో బ్యాక్టీరియా నివసిస్తాయి. కణాలను అంటిపెట్టుకుని ఉండే లోపలి భాగం చిక్కగా ఉంటుంది, అందులోకి బ్యాక్టీరియా దాదాపు రాలేవు. ఈ రెండు పొరల నిర్మాణాన్ని స్వీడన్‌లో గున్నార్ హాన్సన్ బృందం 2008లో స్పష్టంగా చూపించింది. ఈ జిగురుకు ముఖ్యమైన ముడిసరుకు మ్యూసిన్-2 అనే ప్రోటీన్. అది లేకుండా పెంచిన చిట్టెలుకల్లో బ్యాక్టీరియా నేరుగా కణాలను తాకుతాయి, ఆ చిట్టెలుకలకు పెద్దపేగులో వాపు వస్తుంది.

ఇక్కడ మీకొక ప్రశ్న. గోడకు ఒక పక్కన రక్తనాళాలున్నాయి. వాటిలో ఆక్సిజన్ ప్రవహిస్తోంది. ఇంకో పక్కన, పేగు లోపల, ఆక్సిజన్ దాదాపు లేదు. అక్కడుండే బ్యాక్టీరియాలో అత్యధిక భాగం ఆక్సిజన్ తగిలితే చచ్చిపోయేవే. మధ్యలో ఉన్నదేమో ఒక్క వరుస కణాలు. వాయువు ఎక్కువగా ఉన్నచోటు నుంచి తక్కువగా ఉన్నచోటికి వ్యాపించాలి కదా! మరి రక్తంలోని ఆక్సిజన్ పేగులోకి ఎందుకు కారిపోవడం లేదు? ఒక్క నిమిషం ఆలోచించండి. గోడ దాన్ని అడ్డుకుంటోందని అంటున్నారు, వినబడింది. అయితే కణపొరలు ఆక్సిజన్‌ను ఆపలేవు, అది వాటిగుండా తేలిగ్గా వెళ్లిపోతుంది. మరి ఏమవుతోంది?

గోడ దాన్ని కాల్చేస్తోంది. దారిలోనే వాడేస్తోంది. లోపలికి చేరేది చాలా తక్కువ. చేరిన ఆ కాస్తనూ అంచున ఉండే కొన్ని బ్యాక్టీరియా పీల్చేస్తాయి. ఇక గోడ దేనితో కలిపి కాలుస్తోందన్నదే ఈ ప్రసంగానికి పెట్టిన పేరు.

మన ఆహారంలోని పీచు పదార్థాన్ని అరిగించే ఎంజైములు మనకు చాలా తక్కువ. అది అరగకుండానే చిన్నపేగు దాటి పెద్దపేగు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని ఆక్సిజన్ లేకుండానే పులియబెట్టి, చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. వాటిలో ముఖ్యమైనవి మూడు: ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్. వీటి పాళ్లు సుమారుగా 60, 20, 20. ఇది ఒకే బ్యాక్టీరియా చేసే పని కాదని గమనించండి. ఒకటి పెద్ద పీచు అణువును విరగ్గొడుతుంది, ఒకటి ఆ ముక్కల్ని తిని ఎసిటేటో లాక్టేటో వదులుతుంది, మరొకటి దాన్ని అందుకుని బ్యుటిరేట్ చేస్తుంది. ఫీకాలిబ్యాక్టీరియమ్ ప్రాస్నిట్జియై, రోజ్‌బూరియా వంటివి ఈ చివరి పనిలో ఆరితేరినవి. పేర్లు చెప్పనన్నాను, రెండు చెప్పేశాను. ఈ రెండింటితో సరిపెట్టుకోండి. ఎసిటేట్, ప్రొపియోనేట్ ఎక్కువగా రక్తంలోకి, కాలేయానికి వెళ్లిపోతాయి. బ్యుటిరేట్‌ను మాత్రం పెద్దపేగు గోడ కణాలు తమ దగ్గరే ఉంచుకుంటాయి. దాని వాసన చూస్తే మీరు ముక్కు మూసుకుంటారు గానీ, ఆ కణాలకు అదే ప్రధానాహారం.

ఈ సంగతి కొత్తది కాదు. డబ్ల్యూ. ఇ. డబ్ల్యూ. రోడిగర్ అనే శస్త్రచికిత్స నిపుణుడు 1980లోనే పెద్దపేగు కణాలను విడదీసి, వాటికి గ్లూకోజ్, బ్యుటిరేట్ రెండూ ఇచ్చి ఏది వాడుకుంటాయో చూశాడు. అవి బ్యుటిరేట్‌నే ఎంచుకున్నాయి. వాటి శక్తిలో 60 నుంచి 70 శాతం వరకు దాని నుంచే వస్తుందని అప్పటి నుంచీ చెబుతున్నారు. ఒంట్లో మిగతా కణాల్లో చాలావరకు రక్తం తెచ్చిన ఆహారం మీద బతుకుతాయి. ఈ కణాలు మాత్రం రక్తం పక్క కాకుండా అవతలి పక్కనుంచి, అదీ వేరే జీవులు వండిపెట్టిన దాన్ని తింటాయి. అదే ఏడాది రోడిగర్ మరో ప్రశ్న వేశాడు: పెద్దపేగులో వాపు, పుండ్లు తెచ్చే అల్సరేటివ్ కొలైటిస్ అనే వ్యాధి అసలు ఈ కణాల శక్తిలేమి వల్ల వచ్చే వ్యాధేమో? ఆ రోగుల కణాలు బ్యుటిరేట్‌ను సరిగా కాల్చలేకపోతున్నాయని ఆయన గమనించాడు. అప్పట్లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ వ్యాధిని రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పడంగా చూసే రోజులవి. ఆ చూపు తప్పని నేను అనను, కానీ కణం ఆకలిని లెక్కలోకి తీసుకోకుండా అది పూర్తి కాదు.

కణం ఆకలి అంటున్నాను, దానికి రుజువేమిటి? రెండు చూపిస్తాను. మొదటిది ప్రయోగశాలది. ఒంట్లో ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా పెంచిన చిట్టెలుకలుంటాయి. 2011లో డల్లాస్ డొనహో, స్కాట్ బల్ట్‌మన్ బృందం వాటి పెద్దపేగు కణాలను పరీక్షించింది. ఆ కణాల్లో మైటోకాండ్రియా శ్వాసక్రియ తగ్గిపోయింది, శక్తి నిల్వ పడిపోయింది, చివరికి కణం తనలోని భాగాలను తానే జీర్ణించుకునే స్థితికి వచ్చింది. తక్కిన అవయవాల్లో చూస్తే ఇంత మార్పు లేదు. ఆ కణాలకు బ్యుటిరేట్ అందించగానే శ్వాసక్రియ తిరిగి పుంజుకుంది, తనను తాను తినడం ఆగింది. ఒంటి నిండా ఆహారం ఉన్న జంతువులో ఒక్క పెద్దపేగు గోడ మాత్రం పస్తులుంది.

రెండోది మనుషులది, శస్త్రచికిత్స నిపుణులకు బాగా తెలిసినది. కొన్ని ఆపరేషన్లలో మలం పెద్దపేగులోని కింది భాగానికి చేరకుండా, పొట్ట మీద చేసిన ద్వారం గుండా బయటికి మళ్లిస్తారు. అడుగున మిగిలిన పేగు ముక్క ఎక్కడికీ పోదు. రక్తప్రసరణ ఉంటుంది, నరాలుంటాయి, అన్నీ ఉంటాయి. కానీ దానిలోకి ఏమీ రాదు. కొన్ని నెలల్లో చాలామందిలో ఆ ముక్క ఎర్రబడి, వాచి, తాకితే రక్తం కారే స్థితికి వస్తుంది. 1981లో దీన్ని ప్రత్యేకమైన వ్యాధిగా వర్ణించారు. 1989లో ఒక బృందం నలుగురు రోగుల్లో ఆ ముక్కలోకి చిన్న కొవ్వు ఆమ్లాల ద్రావణాన్ని ఎనిమా రూపంలో ఎక్కించింది. వారాల వ్యవధిలో వాపు తగ్గింది. తరువాతి చిన్న ప్రయోగాల్లో ఫలితం అంత బాగా రాలేదన్న మాటా చెప్పాలి. కానీ ఒక సంగతిలో అనుమానం లేదు: పేగును మళ్లీ కలిపి, మలప్రవాహాన్ని పునరుద్ధరిస్తే ఆ వాపు తగ్గిపోతుంది. ఆలోచించండి. మలం తగలకపోతే పేగు శుభ్రంగా, హాయిగా ఉండాలని కదా మనం అనుకుంటాం!

ఇప్పుడు ఆక్సిజన్ దగ్గరకు వద్దాం. బోర్డు మీద ఒక చిన్న లెక్క రాస్తున్నాను, వెనక కూర్చున్నవారు కనబడకపోతే చెప్పండి. బ్యుటిరేట్‌లో నాలుగు కార్బన్లున్నాయి. ఒక బ్యుటిరేట్ అణువును పూర్తిగా కాల్చి కార్బన్ డయాక్సైడ్, నీరుగా మార్చాలంటే ఐదు ఆక్సిజన్ అణువులు కావాలి. ఇదే కణం గ్లూకోజ్‌ను తీసుకుని లాక్టేట్ వరకు మాత్రమే విరగ్గొట్టి ఊరుకుంటే ఎంత ఆక్సిజన్ కావాలి? సున్నా. ఒక్కటి కూడా అక్కర్లేదు. ఒక పక్క ఐదు, ఒక పక్క సున్నా. పేగు గోడ ఏ ఇంధనం మీద నడుస్తోందన్నదాన్ని బట్టి లోపలికి కారే ఆక్సిజన్ ఎంత మారిపోతుందో ఈ రెండు అంకెల్లోనే ఉంది.

దీన్ని కంటితో చూడవచ్చు. పిమోనిడజోల్ అనే రసాయనం ఒకటుంది. ఆక్సిజన్ బాగా తక్కువగా ఉన్న కణాల్లోనే అది ప్రోటీన్లకు అతుక్కుంటుంది. చిట్టెలుకకు దాన్ని ఎక్కించి, పెద్దపేగును సన్నగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే, గుంటల అడుగుభాగం చీకటిగా ఉంటుంది, పైన పేగు లోపలి వైపున్న ముదిరిన కణాల వరుస మాత్రం ఒక పట్టీలాగా వెలుగుతుంది. బ్యుటిరేట్‌ను కాల్చేది ఆ వరుసే. ఆ జంతువుకు యాంటీబయోటిక్ ఇచ్చి చూడండి, ఆ వెలుగు మాసిపోతుంది. మళ్లీ బ్యుటిరేట్ అందిస్తే తిరిగి వస్తుంది. మామూలుగా ఆక్సిజన్ లేమి అంటే మనం రోగలక్షణం అనుకుంటాం. ఇక్కడ అది ఆరోగ్య లక్షణం. ఆ లేమిలోనే హిఫ్ అనే ప్రోటీన్ నిలకడగా ఉండి, కణాల మధ్య అతుకులు గట్టిగా ఉండేందుకు, జిగురు తయారయ్యేందుకు కావలసిన జన్యువులను పనిచేయిస్తుంది. 2015లో షాన్ కోల్గన్ బృందం చూపించింది ఇదే: బ్యుటిరేట్ కాలడం, ఆక్సిజన్ తగ్గడం, హిఫ్ నిలబడడం, గోడ గట్టిపడడం. ఇవి ఒకే వరుసలో జరుగుతాయి.

స్ట్రెప్టోమైసిన్ తరువాత ఏం జరిగింది?

ఇక ఈ ఏర్పాటు చెడిపోతే ఏమవుతుంది? దీనికి చాలా పాత ప్రయోగం ఒకటుంది, నాకు ఇష్టమైన ప్రయోగం. 1954లో షికాగోలో మార్జొరీ బోన్‌హాఫ్, ఫిలిప్ మిల్లర్ బృందం చిట్టెలుకలకు సాల్మొనెల్లా అనే వ్యాధికారక బ్యాక్టీరియాను తినిపించింది. మామూలు చిట్టెలుకకు ఇన్ఫెక్షన్ తెప్పించాలంటే సుమారు లక్ష బ్యాక్టీరియా కావాల్సి వచ్చింది. అదే చిట్టెలుకకు ముందు ఒక్క మోతాదు స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయోటిక్ ఇచ్చి, ఆ తరువాత సాల్మొనెల్లా పెడితే పది కూడా అక్కర్లేకపోయింది. లక్ష ఎక్కడ, పది ఎక్కడ! ఒక్క మోతాదు మందు తేడా. పదేళ్ల తరువాత, 1964లో, అదే బృందం కారణం వెతుకుతూ పేగులోని చిన్న కొవ్వు ఆమ్లాల దగ్గరకు వచ్చింది. మందు వేసిన తరువాత ఆ ఆమ్లాలు పడిపోతున్నాయి, వాటితోపాటు నిరోధమూ పడిపోతోంది. ఆ ఆమ్లాలు సాల్మొనెల్లాను నేరుగా అడ్డుకుంటాయని వారు అనుకున్నారు. అది నిజమే, కానీ సగం నిజం.

మిగతా సగం తెలియడానికి అర్ధశతాబ్దం పట్టింది. 2017లో మరియానా బిండ్లాస్, ఆండ్రియాస్ బాయ్‌మ్లర్ బృందం కాలిఫోర్నియాలో చేసిన పని ఇది. యాంటీబయోటిక్ వల్ల బ్యుటిరేట్ తయారుచేసే క్లోస్ట్రిడియా వర్గం తగ్గింది. బ్యుటిరేట్ తగ్గింది. గోడ కణాల్లో పీపార్-గామా అనే సంకేత గ్రాహకం ఉంటుంది. బ్యుటిరేట్ ఉన్నంతసేపు అది కణాన్ని కొవ్వు ఆమ్లాలు కాల్చే పద్ధతిలో నిలబెడుతుంది. ఆ సంకేతం సన్నగిల్లగానే కణం గ్లూకోజ్ వైపు మళ్లింది, లాక్టేట్ వదలడం మొదలుపెట్టింది, ఆక్సిజన్ వాడకం తగ్గించింది. వాడని ఆక్సిజన్ ఎక్కడికి పోతుంది? పేగు లోపలికి. అంతేకాదు, అదే సంకేతం తగ్గడంతో నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైము కూడా పెరిగింది. ఆ నైట్రిక్ ఆక్సైడ్ పేగులో నైట్రేట్‌గా మారింది. ఇప్పుడు ఈ రెండింటినీ ఎవరు వాడుకుంటారు? ఆక్సిజన్ తగిలితే చచ్చే మన పాత నివాసులు వాడుకోలేవు. ఇ. కోలై అనే బ్యాక్టీరియా, దాని బంధువర్గం వాడుకుంటాయి. అవి ఆక్సిజన్‌తోనూ శ్వాసించగలవు, అది లేకపోతే నైట్రేట్‌తోనూ శ్వాసించగలవు. పులియబెట్టి బతికేవాటికన్నా శ్వాసించి బతికేవాటికి అదే తిండిలో ఎక్కువ శక్తి దొరుకుతుంది. మామూలుగా వెయ్యింటికి ఒకటో రెండో ఉండే ఈ వర్గం హఠాత్తుగా పెరిగిపోతుంది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఇ. కోలై పెరిగింది కాబట్టి గోడ చెడలేదు. గోడ ఇంధనం మారింది కాబట్టి ఇ. కోలై పెరిగింది. మలాన్ని పరీక్షించి ఫలానా బ్యాక్టీరియా పెరిగిందని నివేదిక ఇచ్చేవారు ఈ వరుసను చూపించలేరు. వారి చేతిలో ఉన్నది చివరి మెట్టు ఫొటో మాత్రమే.

సాల్మొనెల్లా అయితే ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. అది అవకాశం కోసం కాచుకుని కూర్చోదు, తానే తెచ్చుకుంటుంది. గోడలోకి చొరబడి వాపు పుట్టిస్తుంది. వాపు వస్తే మన తెల్ల రక్తకణాలు వచ్చి, బ్యాక్టీరియాను చంపడానికి తీవ్రమైన ఆక్సీకరణ పదార్థాలను చిమ్ముతాయి. పేగులో ఎప్పుడూ ఉండే థయోసల్ఫేట్ అనే గంధక పదార్థం వాటివల్ల టెట్రాథయోనేట్‌గా మారుతుంది. సాల్మొనెల్లా దానితో శ్వాసిస్తుంది! 2010లో సెబాస్టియన్ వింటర్, బాయ్‌మ్లర్ బృందం దీన్ని బయటపెట్టింది. ప్రయోగశాలల్లో సాల్మొనెల్లాను వేరుచేసి పెంచడానికి టెట్రాథయోనేట్ కలిపిన ద్రవాన్ని ఎన్నో దశాబ్దాలుగా వాడుతున్నారు. ఆ పదార్థం రోగి పేగులోనే తయారవుతోందని మాత్రం అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. శత్రువును చంపడానికి మనం వేసిన మందుగుండు శత్రువుకే ఊపిరి అయింది.

రోగనిరోధక వ్యవస్థ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను, ఎందుకంటే దాని మీద వేరే ఉపన్యాసాలు చాలా ఉన్నాయి. 2013లో మూడు వేర్వేరు బృందాలు ఒకే విషయం చెప్పాయి: ఈ చిన్న కొవ్వు ఆమ్లాలు పేగులో టి-రెగ్ అనే నియంత్రక కణాలను పెంచుతాయి. దాడిని ఆపమని చెప్పే కణాలవి. అంటే బ్యుటిరేట్ గోడకు ఆహారం, వెనకున్న సైన్యానికి సంయమనం.

పీచు అసలు రాకపోతే ఏమవుతుంది? బ్యాక్టీరియా ఆకలితో చచ్చిపోతాయా? చావవు. వేరే తిండి వెతుక్కుంటాయి. ఆ తిండి ఎక్కడుంది? జిగురు పొరలో ఉంది. మ్యూసిన్‌కు అంటుకుని బోలెడన్ని చక్కెర గొలుసులుంటాయి. 2016లో మహేశ్ దేశాయ్, ఎరిక్ మార్టెన్స్ బృందం చిట్టెలుకల్లో పద్నాలుగు రకాల మానవ పేగు బ్యాక్టీరియాను మాత్రమే ఉంచి, వాటి తిండిలో పీచు తీసేసి చూసింది. బ్యాక్టీరియా జిగురును తినడం మొదలుపెట్టాయి, పొర పలచబడింది. అప్పుడు సిట్రోబ్యాక్టర్ రోడెన్షియం అనే వ్యాధికారకాన్ని ఇస్తే, పీచు తిన్న చిట్టెలుకలు తట్టుకున్నాయి, తినని వాటిలో చాలా వాటికి ప్రాణాంతకమైన కొలైటిస్ వచ్చింది. బ్యాక్టీరియా అవే. మంచివి చెడ్డవిగా మారిపోలేదు. వాటికి మనం పెట్టిన తిండి మారింది.

ఇప్పుడు గుంటల అడుగుకు దిగుదాం. బ్యుటిరేట్ అంత మంచిదైతే మూలకణాలకు కూడా మంచిదే కావాలి కదా? కాదు. 2016లో గెరార్డ్ కైకో, థాడియస్ స్టాపెన్‌బెక్ బృందం చూపించినదాని ప్రకారం బ్యుటిరేట్ మూలకణాల విభజనను అడ్డుకుంటుంది. మరి అవి ఎలా బతుకుతున్నాయి? గుంట లోతుగా ఉండడం వల్ల. పైనున్న ముదిరిన కణాలు బ్యుటిరేట్‌ను అడుగుకు చేరకముందే కాల్చేస్తాయి. గాయమై పై వరుస పోయినప్పుడు అదే బ్యుటిరేట్ నేరుగా మూలకణాలకు తగిలి, గాయం మానడాన్ని ఆలస్యం చేయగలదు. ఒకే పదార్థం, పైన ఆహారం, అడుగున ఆటంకం. ఈ మధ్య బ్యుటిరేట్ మాత్రల ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు ఈ గుంట గుర్తుకొస్తుంది.

క్యాన్సర్ కణం విషయంలోనూ ఇదే తర్కం. క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ ఉన్నా గ్లూకోజ్‌ను లాక్టేట్‌గా మార్చి వదిలేస్తాయని ఓటో వార్‌బర్గ్ 1920ల్లోనే గమనించాడు. పెద్దపేగు క్యాన్సర్ కణం అలా గ్లూకోజ్ వైపు మళ్లినప్పుడు బ్యుటిరేట్‌ను కాల్చడం మానేస్తుంది. కాల్చని బ్యుటిరేట్ కణంలో పేరుకుని కేంద్రకం చేరుతుంది. అక్కడ అది జన్యువుల పనితీరును నియంత్రించే హిస్టోన్ డిఅసిటైలేజ్ ఎంజైములను ఆపుతుంది, విభజన ఆగుతుంది, కణం చనిపోవచ్చు. మామూలు కణం దాన్ని కాల్చుకుని పెరుగుతుంది, క్యాన్సర్ కణం కాల్చలేక దెబ్బతింటుంది. 2012లో డొనహో, బల్ట్‌మన్ బృందమే దీన్ని చూపించింది. ఇది ఎక్కువగా కణాల మీద చేసిన పరిశోధన. దీన్నిబట్టి చికిత్స ఉందనుకోకండి. ఇంకో పక్కన, కొన్ని రకాల ఇ. కోలై కొలిబాక్టిన్ అనే విషంతో మన డిఎన్‌ఏను నేరుగా దెబ్బతీస్తాయి. 2020లో ఆ విషం వదిలే ప్రత్యేకమైన మార్పుల గుర్తును కొందరు పెద్దపేగు క్యాన్సర్ రోగుల కణితుల్లోనే కనుగొన్నారు. ఆ ఇ. కోలై పెరగడానికి అనువైన పరిస్థితి ఏదో ఇందాకే చెప్పుకున్నాం.

మందుల సంగతి

ఇన్ని చెప్పారు, మరి చికిత్సలో ఏముంది అని మీరు అడగబోతున్నారు. అన్నిటికన్నా గట్టి రుజువున్నది సి. డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల మళ్లీమళ్లీ వచ్చే విరేచనాల విషయంలో. యాంటీబయోటిక్‌ల తరువాత వచ్చే జబ్బు ఇది. ఇక్కడ నడిపించేవి పిత్త లవణాలు. కాలేయం తయారుచేసిన ప్రాథమిక పిత్త లవణాలు ఈ బ్యాక్టీరియా బీజాలను మొలకెత్తిస్తాయి. పేగులోని కొన్ని బ్యాక్టీరియా వాటిని మార్చి తయారుచేసే ద్వితీయ పిత్త ఆమ్లాలు దాని పెరుగుదలను ఆపుతాయి. ఆ మార్చే పనిచేసే బ్యాక్టీరియా మందు వల్ల పోతే దారి తెరుచుకున్నట్టే. 2013లో నెదర్లాండ్స్‌లో ఎల్స్ వాన్ నూడ్ బృందం ఆరోగ్యవంతుల మలాన్ని శుద్ధిచేసి రోగుల పేగుల్లోకి పంపింది. మొదటిసారికే 16 మందిలో 13 మందికి నయమైంది. వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ మాత్రమే ఇచ్చిన 13 మందిలో నలుగురికే నయమైంది. తేడా అంత స్పష్టంగా ఉండడంతో ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. 2022, 2023లో ఈ తరహా చికిత్సలు రెండింటికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. అయితే ఇదే పద్ధతి అల్సరేటివ్ కొలైటిస్‌లో ఇంత బాగా పనిచేయడం లేదు, కొందరికే ఉపయోగపడుతోంది. ఎందుకు? సి. డిఫిసిల్ రోగిలో ఖాళీ అయింది ప్రధానంగా సూక్ష్మజీవుల చోటు. కొలైటిస్ రోగిలో గోడ కూడా మారిపోయింది. బ్యుటిరేట్ చేసే బ్యాక్టీరియాను తెచ్చి పెట్టినా, ఆక్సిజన్ కారుతున్న చోట అవి ఎలా నిలబడతాయి? ఇది నా అభిప్రాయం, కానీ ఇంతవరకు చెప్పినదానికి ఇది సరిపోతుందని మీకూ అనిపిస్తుందనుకుంటాను.

ఈ కోణంలో చూస్తే కొలైటిస్‌కు వాడే అతి పాత మందు కథ ఆశ్చర్యంగా ఉంటుంది. స్వీడన్ వైద్యురాలు నన్నా స్వార్ట్జ్ 1940ల ప్రాంతంలో కీళ్లవాతం కోసం సల్ఫసలజీన్‌ను రూపొందించింది. అది రెండు అణువులను అతికించిన మందు. పేగు జబ్బుకూ పనిచేస్తోందని తేలింది. ఆ రెండు అణువులను అతికించిన బంధాన్ని విడగొట్టేది మన శరీరం కాదు, పెద్దపేగులోని బ్యాక్టీరియా. అంటే అవి లేకపోతే మందు మందే కాదు. 1977లో ఆ రెండింటిలో పేగు మీద పనిచేసేది ఏదో తేల్చారు. అదే ఈ రోజు మెసలమిన్ పేరుతో వాడుతున్నాం. అది ఎలా పనిచేస్తుందో చాలాకాలం స్పష్టంగా తెలియలేదు. 2005లో ఒక లక్ష్యం బయటపడింది. ఏమిటో ఊహించగలరా? పీపార్-గామా. ఇందాక మనం చూసిన ఆ సంకేతమే, కణాన్ని కొవ్వు ఆమ్లాలు కాల్చే పద్ధతిలో నిలబెట్టేదే. వాపు తగ్గించే మందు అనుకుంటూ దశాబ్దాలుగా ఇస్తున్న మందు, గోడ ఇంధనాన్ని కూడా సరిచేస్తూ ఉండవచ్చు.

ప్రోబయోటిక్‌ల గురించి, అంటే మేలు చేస్తాయని మింగే బతికున్న సూక్ష్మజీవుల గురించి, ముందు వరుసలో ఒకరు చీటీ పంపారు. యాంటీబయోటిక్ తరువాత వాడితే మంచిదేనా అని అడిగారు. 2018లో ఇజ్రాయెల్‌లో ఎరాన్ ఎలినావ్, ఎరాన్ సెగల్ బృందాలు యాంటీబయోటిక్ తీసుకున్నవారిని మూడు రకాలుగా చూశాయి. ప్రోబయోటిక్ తీసుకున్నవారిలో పాత సూక్ష్మజీవులు తిరిగి రావడం, ఏమీ తీసుకోనివారికన్నా ఆలస్యమైంది. ముందుగా దాచి ఉంచిన తమ సొంత మలాన్ని తిరిగి ఎక్కించినవారిలో రోజుల్లోనే కుదురుకుంది. చిన్న పరిశోధన, ఒక రకం మిశ్రమం. దీన్నిబట్టి అన్నీ దండగ అనను. కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో, నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల్లో ఉదాహరణకు, కొన్ని రకాలకు ఉపయోగముంది. అందరికీ అన్నిటికీ ఒకటే సీసా అంటే మాత్రం నమ్మకండి.

మరి పీచు? పీచు తినండి అని చెప్పి ముగిస్తానని మీరు అనుకుంటున్నట్టున్నారు. ఆరోగ్యంగా ఉన్నవారికి ఆ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు. రకరకాల పీచు, నెమ్మదిగా పెంచుకుంటూ. కానీ అల్సరేటివ్ కొలైటిస్, లేదా పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధి చురుగ్గా ఉన్నవారి సంగతి వేరు. వారిలో కొందరి పేగుల్లో పీచును పులియబెట్టే బ్యాక్టీరియా బాగా తగ్గిపోయి ఉంటాయి. ఇన్యులిన్ జాతికి చెందిన కొన్ని పీచులు పులియకుండా అలాగే గోడ దాకా చేరితే, అక్కడి రోగనిరోధక కణాలను అవే రెచ్చగొట్టగలవని కెనడా పరిశోధకులు రోగుల నుంచి తీసిన పేగు ముక్కల మీద చూపించారు. వ్యాధి అణగి ఉన్నవారిలో, పులియబెట్టగల సూక్ష్మజీవులు ఉన్నవారిలో అదే పీచు అలా చేయలేదు. పీచును బ్యుటిరేట్‌గా మార్చేవారూ ఉండాలి, బ్యుటిరేట్‌ను కాల్చగల గోడా ఉండాలి. రెండింట్లో ఏది లేదో చూడకుండా రోగికి గిన్నె నిండా పీచు పెట్టమనడం సరైన వైద్యం కాదు. అందుకే ఈ జబ్బులున్నవారు ఇంట్లో ఉంటే, ఈ రోజు విన్నదాన్ని పట్టుకుని రేపటి నుంచి వారి తిండి మార్చేయకండి. జబ్బు ఇప్పుడు ఏ దశలో ఉందో చూసే వైద్యుణ్ణి అడిగి మార్చండి. ఇక మీ ప్రశ్నలు అడగండి, చీటీలు పంపినా సరే, లేచి అడిగినా సరే.